జపనీస్‌లో ‘ఎన్ని?’ అని అడగడం ఎలా: కౌంటర్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

జపనీస్ మొదలుపెట్టిన తెలుగువాళ్లు వాక్య నిర్మాణానికి పెద్దగా భయపడరు. క్రియ చివర్లో రావడం మనకు కొత్త కాదు కదా. టెన్షన్ అంతా కౌంటర్ల దగ్గర మొదలవుతుంది. పెన్సిళ్లు లెక్కపెట్టడానికి ఒక మాట, కాగితాలకు ఇంకో మాట, పిల్లులకు మరో మాట. అంకె వెనక తగిలించే ఈ మాటలను జపనీస్‌లో జొసూషి అంటారు. వీటి పూర్తి పట్టిక ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది, ఇక్కడ మళ్లీ ఇవ్వడం లేదు. ‘ఎన్ని’ అని ఎలా అడగాలి, అడిగితే ఏమని చెప్పాలి, ఇక్కడి ప్రశ్నలు దాని చుట్టూనే. ఎన్ని, ఎంత, ఎంతమంది అనే తేడా చిన్నప్పటి నుంచీ నోట్లో ఉన్నవాళ్లకు ఈ పని సగం తేలికే. ఇంగ్లీషు పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకోవడం వల్లే మనం దాన్ని కష్టం చేసుకుంటున్నాం.

జపనీస్ మాటలను ఇక్కడ తెలుగు లిపిలో రాశారు. ఉన్నది ఉన్నట్టు చదివేయవచ్చా?

చదివేయవచ్చు. ఎ, ఒ లకు హ్రస్వం, దీర్ఘం విడివిడిగా ఉన్న లిపి మనది. జపనీస్‌కు సరిగ్గా అదే కావాలి. ‘బీరు’ అంటే తాగే బీరు, ‘బిరు’ అంటే బిల్డింగు. కాబట్టి దీర్ఘాలను మింగేయకండి. ‘త్సు’ అని రాసినచోట ‘చాప’లో మొదటి అక్షరాన్ని పలికినట్టు, ‘నన్‌జెన్’ లాంటి మాటల్లో జ ను ‘జడ’లో జ లాగా పలకండి. దెస్, ఇమస్ అని రాసినవాటి చివర నిజానికి ఒక ఉకారం ఉంది కానీ మాటల్లో వినిపించీ వినిపించనట్టు పోతుంది.

‘ఎన్ని’ అనడానికి జపనీస్‌లో ఒకే మాట లేదా?

లేదు. ముఖ్యమైనవి నాలుగు.

‘ఇకుత్సు’ అంటే ఎన్ని. విడివిడిగా లెక్కపెట్టగల వస్తువులకు వాడతారు. రింగొ వ ఇకుత్సు అరిమస్ క? యాపిల్స్ ఎన్ని ఉన్నాయి?

‘ఇకుర’ అంటే ఎంత. ఎక్కువగా ధర అడగడానికి. కొరె వ ఇకుర దెస్ క? ఇది ఎంత?

‘దొనొకురై’ అంటే ఎంత మేరకు, సుమారుగా ఎంత. దూరం, సమయం, నీళ్లు, బియ్యం లాంటివాటికి. కూకో మదె దొనొకురై కకరిమస్ క? ఎయిర్‌పోర్టుకు ఎంతసేపు పడుతుంది?

నాలుగోది ‘నన్’ పక్కన కౌంటర్ పెట్టి అడగడం. నన్‌మై అంటే ఎన్ని (కాగితం, టికెట్, చొక్కా లాంటి పలచటివి), నన్‌సత్సు అంటే ఎన్ని పుస్తకాలు, నన్‌దై అంటే ఎన్ని కార్లు లేదా మెషీన్లు, నన్నిన్ అంటే ఎంతమంది. రోజువారీ మాటల్లో ఎక్కువగా వినబడేది ఈ రకమే.

అవతలివాళ్లు నన్‌తో అడిగితే జవాబు ఎలా కట్టాలి?

అడిగినవాళ్లే మీకు కౌంటర్ ఇచ్చేశారు. ‘నన్’ తీసేసి అక్కడ అంకె పెట్టండి, అంతే. కిప్పు వ నన్‌మై దెస్ క? టికెట్లు ఎన్ని? సన్‌మై దెస్. మూడు. ప్రశ్న సరిగ్గా వింటే కౌంటర్ గుర్తులేదన్న బాధే ఉండదు. చాలామంది అడిగిన మాట వినడం మానేసి బుర్రలో పట్టిక వెతుక్కుంటూ కూర్చుంటారు, అక్కడే తడబాటు.

అంకె మారితే శబ్దం మారిపోతోంది. ఇప్పొన్, నిహొన్, సంబొన్... దీనికి పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది. సీసాలు, పెన్నులు, గొడుగుల లాంటి పొడవాటి వస్తువులకు వాడే ‘హొన్’ తీసుకోండి. ఒకటి ఇప్పొన్, రెండు నిహొన్, మూడు సంబొన్, నాలుగు యొన్‌హొన్, ఐదు గొహొన్, ఆరు రొప్పొన్, ఏడు ననహొన్, ఎనిమిది హప్పొన్, తొమ్మిది క్యూహొన్, పది జుప్పొన్.

ఒకటి, ఆరు, ఎనిమిది, పది దగ్గర అక్షరం ద్విత్వం అవుతోంది. మూడు దగ్గర హ కాస్తా బ అయింది. మిగతావి మామూలే. హ, క, స లతో మొదలయ్యే కౌంటర్లలో చాలావరకు ఇలాగే నడుస్తాయి. స తో మొదలయ్యేవాటిలో ఆరు మాత్రం మారదు, రొకుసత్సు అనే అంటారు. మ, ద లతో మొదలయ్యేవి అసలు మారవు: ఇచిమై, నిమై, సన్‌మై, ఇచిదై, నిదై, సన్‌దై.

తెలుగువాళ్లకు ఈ మార్పులు వింతగా తోచనక్కర్లేదు. అన్న పక్కన తమ్ముడు చేరితే అన్నదమ్ములు అవుతారు, ‘త’ ఏమైందని మనం ఎవరినీ అడగం.

ఇక ప్రశ్నకు సంబంధించిన కిటుకు: ‘నన్’ పక్కన కౌంటర్ సాధారణంగా ‘సన్’ (మూడు) పక్కన ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. సంబొన్ అయితే నంబొన్. చిన్న జంతువులకు సంబికి, కాబట్టి నంబికి. గ్లాసులకు, కప్పులకు సంబై, నంబై. అంతస్తులకు సంగై, నంగై. చెప్పుల జతలకు సన్‌జొకు, నన్‌జొకు. నిమిషాలకు సంపున్, నంపున్. కాబట్టి ఏ కౌంటర్ నేర్చుకున్నా ముందు దాని ‘నన్’ రూపం నేర్చుకోండి. ప్రశ్న వచ్చేస్తుంది, మూడూ వచ్చేస్తుంది. ఇచి, ని అంటూ పది దాకా వల్లించడం కంటే ఇదే మేలు.

మనుషులను లెక్కపెట్టేటప్పుడు ‘ఇకుత్సు’ వాడకూడదా?

వాడకూడదు. ‘మీ ఇంట్లో పిల్లలు ఎన్ని ఉన్నాయి?’ అంటే మనకు ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంటుంది. మనుషులకు నన్నిన్. కొదొమొ వ నన్నిన్ ఇమస్ క? పిల్లలు ఎంతమంది?

జవాబులో ఒకరు హితొరి, ఇద్దరు ఫుతరి, మూడు నుంచి సన్నిన్, యొనిన్, గొనిన్ అంటూ పోతుంది. తెలుగులో ఒకరు, ఇద్దరు నుంచి ఏడుగురు దాకా ప్రత్యేకమైన రూపాలు, ఆ తర్వాత ఎనిమిదిమంది, తొమ్మిదిమంది. జపనీస్‌లో ఆ ప్రత్యేకత ఇద్దరితోనే అయిపోతుంది. నాలుగు దగ్గర ఒక జాగ్రత్త: నాలుగుకు ఉన్న ‘షి’ అనే రెండో పేరు వాడి ‘షినిన్’ అనకండి, దాని అర్థం శవం. యొనిన్ అనాలి, ఒకే న తో.

ఒక్కచోట మాత్రం తెలుగు అలవాటు దెబ్బతీస్తుంది. మనకు మనుషులు ఒక వైపు, జంతువులూ వస్తువులూ ఇంకో వైపు: ‘పిల్లులు ఎన్ని ఉన్నాయి, కుర్చీలు ఎన్ని ఉన్నాయి’. జపనీస్‌లో ‘ఉండు’ అనే క్రియ విషయానికి వస్తే పిల్లి మనుషుల వైపుకు వెళ్తుంది. నెకొ గ నంబికి ఇమస్ క? వస్తువులకు వాడే ‘అరిమస్’ ఇక్కడ అంటే తప్పు.

‘మీరు ఎంతమంది అన్నదమ్ములు’ అని అడిగితే నన్ను కలుపుకోవాలా?

ప్రశ్న ఎలా అడిగారన్నదాన్ని బట్టి. ‘నన్నిన్ క్యోదై దెస్ క?’ అంటే మిమ్మల్ని కలుపుకునే. మీకు ఒక అన్న, ఒక చెల్లి ఉంటే సన్నిన్ క్యోదై దెస్. ‘క్యోదై వ నన్నిన్ ఇమస్ క?’ అంటే మీరు కాక. అప్పుడు ఫుతరి ఇమస్. ఇంట్లోవాళ్ల సంగతీ ఇంతే: ‘నన్నిన్ కజొకు దెస్ క?’ అని అడిగితే మీతో సహా చెప్పాలి. క్యోదైలో అక్కచెల్లెళ్లు కూడా వస్తారు, విడిగా అడగాల్సిన పని లేదు.

వాక్యంలో అంకె ఎక్కడ పెట్టాలి?

వస్తువు తర్వాత, క్రియకు ముందు. కిప్పు ఒ నిమై కుదసై: టికెట్లు రెండు ఇవ్వండి. కొదొమొ గ ఫుతరి ఇమస్: పిల్లలు ఇద్దరు ఉన్నారు. మాట పక్కన మాట పెట్టి చూడండి, వరుస మారలేదు. ఇంగ్లీషు మీదుగా ఆలోచించేవాళ్లు ‘నిమై కిప్పు’ అని మొదలుపెడతారు. అంకె ముందే రావాలంటే మధ్యలో ‘నొ’ కావాలి: నిమై నొ కిప్పు. కొట్లో, హోటల్లో అయితే మొదటి పద్ధతే సహజం. కౌంటర్ తర్వాత గ, ఒ లాంటివి ఇంకేమీ తగిలించకండి.

ఏ కౌంటర్ వాడాలో తెలియకపోతే?

వస్తువులైతే హితొత్సు, ఫుతత్సు, మిత్త్సు, యొత్త్సు, ఇత్సుత్సు, ముత్త్సు, ననత్సు, యత్త్సు, కొకొనొత్సు, తో. ఇవి జపనీస్‌కు సొంత అంకెలు. ఇచి, ని, సన్ చైనా నుంచి వచ్చినవి. ఒకటి రెండు మూడు అంటూనే ద్విచక్రం, త్రికోణం అనే మనకు రెండు వరుసలు ఉండటం వింత కాదు. సొంత వరుస పది దాకానే. పదకొండు నుంచి జూఇచి అని వట్టి అంకె చెప్పినా చాలు, ‘కొ’ అనే కౌంటర్ కలిపినా సరే.

హోటల్లో బీరు, కాఫీ ఆర్డర్ చేసేటప్పుడు జపాన్‌వాళ్లే ‘ఫుతత్సు’ అనేస్తారు. కాబట్టి సీసాల హొన్ పెట్టాలా, కప్పుల హై పెట్టాలా అని వెయిటర్‌ను నిలబెట్టి ఆలోచించనక్కర్లేదు. ‘కొ’ కూడా బాగా పాకిపోయింది. ఒక ఏడాది పెద్ద అనడానికి కుర్రకారు ‘ఇక్కొ ఉఎ’ అంటారు, వయసుకు కూడా ‘కొ’ ఏమిటని పెద్దవాళ్లు విసుక్కుంటారు. మనుషులను లెక్కపెట్టడానికి మాత్రం ఈ రెండూ పనికిరావు.

కొట్లలో, హోటళ్లలో వాళ్లు నన్ను ఏమని అడుగుతారు?

హోటల్ గుమ్మంలో మొదటి మాట ‘నన్‌మేసమ దెస్ క?’ ఎంతమందండీ అని. ‘మే’ అనేది నిన్ కు మర్యాద రూపం, ‘సమ’ ఇంకా మర్యాద. జవాబులో ఆ సమ మీకు మీరే తగిలించుకోకండి, ‘ఫుతరి దెస్’ చాలు. వంటకాలు అడిగేటప్పుడు ‘నన్నిన్‌మఎ’ అంటే ఎంతమందికి సరిపడా. ‘సుషి’ ముక్కలకు కన్: ఇక్కన్, నికన్.

కన్వీనియన్స్ స్టోర్‌లో భోజనం డబ్బా కొంటే ‘ఒహషి వ నన్‌జెన్ ఒత్సుకె షిమస్ క?’ అని అడగవచ్చు. తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) ఎన్ని జతలు వేయమంటారు అని. రెండు పుల్లలు కలిపి ఒక జెన్. ‘నిజెన్ ఒనెగై షిమస్’ అంటే రెండు జతలు. మూడు జతలు అంటే సన్‌జెన్, మూడు వేలన్నా సన్‌జెన్. సందర్భం చూసుకోవాల్సిందే. ప్లాస్టిక్ సంచులకు 2020 జూలై నుంచి జపాన్ అంతటా డబ్బులు తీసుకుంటున్నారు, కాబట్టి సంచి కావాలా అన్న ప్రశ్న కూడా వస్తుంది. సంచులకు కౌంటర్ మై: ఇచిమై ఒనెగై షిమస్.

బస చేసే హోటల్లో ‘నంపకు దెస్ క?’ అంటే ఎన్ని రాత్రులు. ఇప్పకు, నిహకు, సంపకు.

నంగై అంటే ఎన్నో అంతస్తు. నేను చెప్పిన అంతస్తుకు వెళ్తే అక్కడ కొట్టు లేదేం?

జపాన్‌లో ఇక్కై అంటే నేల మీద ఉన్న అంతస్తు, మన గ్రౌండ్ ఫ్లోర్. నికై మన ఫస్ట్ ఫ్లోర్. ‘కుత్సు ఉరిబ వ నంగై దెస్ క?’ అని చెప్పుల విభాగం గురించి అడిగితే ‘సంగై’ అని చెప్పారనుకోండి, అది మన లెక్కలో సెకండ్ ఫ్లోర్. నేల కింద ఉన్నది చిక ఇక్కై. సంగై, సంకై కలిసిపోకుండా చూసుకోండి. సంకై అంటే మూడుసార్లు, నంకై అంటే ఎన్నిసార్లు. నంకై అనే మాట అంతస్తుకు కూడా అక్కడక్కడా వినిపిస్తుంది.

టోక్యోలో మనవాళ్లు చాలామంది ఉండే నిషికసై లాంటిచోట్ల ఇల్లు వెతుక్కునేవాళ్లకు ఇంకో రెండు ప్రశ్నలు అవసరం. ‘నంజో దెస్ క?’ అంటే గది ఎన్ని చాపల గది అని. గది సైజును తతమి చాపల లెక్కలో చెబుతారు, రొకుజో అంటే ఆరు చాపలు, దాదాపు 10 చదరపు మీటర్లు. ‘చికు నన్నెన్ దెస్ క?’ అంటే కట్టి ఎన్నేళ్లయింది.

టైము, తేదీ, నెలలు అడిగేటప్పుడు?

ఇక్కడ ‘ఎప్పుడు’కు ఒకటి, ‘ఎంతకాలం’కు ఒకటి. నంజి అంటే ఎన్ని గంటలకు, నంజికన్ అంటే ఎన్ని గంటలపాటు. నంగత్సు అంటే ఏ నెల, నంకగెత్సు అంటే ఎన్ని నెలలు. నన్నిచి మాత్రం రెండింటికీ వస్తుంది: ఎన్నో తారీకు, ఎన్ని రోజులు.

తేదీల్లో మొదటి పదీ కంఠతా పట్టాల్సిందే, తప్పించుకునే దారి లేదు. త్సుఇతచి, ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముఇక, ననొక, యోక, కొకొనొక, తోక. నాలుగో తారీకు మన వ్యాకరణ పుస్తకంలోని ‘యొక్క’, పదో తారీకు కుక్క తోక, గుర్తుంటాయి. అందరూ తికమకపడేది యొక్క, యోక దగ్గర. నాలుగు హ్రస్వం, ద్విత్వం, ఎనిమిది దీర్ఘం. ఇరవయ్యో తారీకు హత్సుక. రెండో తారీకు, రెండు రోజులు రెండూ ఫుత్సుకే, కానీ ఒక రోజు అంటే ఇచినిచి, త్సుఇతచి కాదు.

‘ఎన్నో స్టేషన్’, ‘ఎన్నోసారి’ అని జపనీస్‌లో అడగగలమా?

హాయిగా. ఇంగ్లీషులో ఈ మాటకు తిన్నగా ప్రశ్నే లేదు, కాబట్టి ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ఒక మూలన పెట్టేస్తాయి. తెలుగువాళ్లు మొదటి వారంలోనే నేర్చుకోవచ్చు. కౌంటర్ తర్వాత ‘మె’ కలపండి.

ఇకుత్సుమె నొ ఎకి దెస్ క? ఎన్నో స్టేషన్? మిత్త్సుమె దెస్. మూడోది.

నిహొన్ వ నంకైమె దెస్ క? జపాన్‌కు రావడం ఎన్నోసారి? ఈ ప్రశ్న పరిచయమైన ప్రతివాళ్లూ అడుగుతారు. హజిమెతె దెస్, అంటే మొదటిసారి. నికైమె దెస్, రెండోసారి.

నంబర్ల విషయంలో ‘నంబన్’ వాడతారు. రైలు ఏ ప్లాట్‌ఫామ్ అంటే నంబన్‌సెన్ దెస్ క? ఫోన్ నంబరు అడగాలన్నా నంబన్ దెస్ క. అనిమే చూసేవాళ్లకు ఒకటి: ‘నన్‌వ మదె మిమష్‌త క?’ అంటే ఎన్నో ఎపిసోడ్ దాకా చూశారు. మాంగా అయితే నంకన్ మదె, ఎన్నో సంపుటి దాకా. మీ దగ్గర ఎన్ని పుస్తకాలున్నాయి అనేది మాత్రం నన్‌సత్సు.

ఎన్నోసార్లు, ఎంతమందైనా, ఒక్కరూ లేరు... ఇలాంటివి?

జపనీస్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ప్రశ్న మాటకు ఒక తోక తగిలిస్తే అర్థం మారిపోతుంది, మన భాషలో లాగే.

నంకై మొ: ఎన్నోసార్లు. నన్నిన్ మొ: ఎందరో. నన్నిన్ క: కొందరు. నన్నిన్ దెమొ: ఎంతమందైనా. ఇకుత్సు దెమొ: ఎన్నైనా.

ఒకటి పక్కన ‘మొ’ పెట్టి చివర వ్యతిరేక క్రియ వాడితే: హితొరి మొ ఇమసెన్, ఒక్కరూ లేరు. హితొత్సు మొ అరిమసెన్, ఒక్కటీ లేదు. మనం ‘ఒక్కరు’లో చివరి అచ్చును సాగదీసి చేసే పని అక్కడ ‘మొ’ చేస్తుంది.

‘రెండేసి’కి కూడా మాట ఉంది: ఫుతత్సు జుత్సు. హితొరి జుత్సు అంటే ఒక్కొక్కరు. పిల్లలకు మిఠాయిలు పంచేటప్పుడు నంకొ జుత్సు దెస్ క, ఎన్నేసి? ‘ఇద్దరే ఉన్నారు’ అనడానికి ఫుతరి షిక ఇమసెన్. క్రియ ‘లేరు’ అన్నట్టు ఉంటుంది కానీ అర్థం ‘ఉన్నారు’ అనే.

జంతువుల కౌంటర్లు ఎందుకు ఇన్ని?

చిన్నవాటికి హికి, ఆవు, గుర్రం, ఏనుగు లాంటి పెద్దవాటికి ‘తో’: ఇత్తో, నితో, సన్‌తో. పక్షులకు ‘వ’. కుందేలును కూడా పక్షుల లెక్కలోనే ‘వ’తో లెక్కపెట్టడం సంప్రదాయం, ఎందుకన్నదానికి కథలు చాలా ఉన్నాయి. ఇప్పుడు చాలామంది హికి అనేస్తారు. చేపల కొట్లో స్క్విడ్, పీతలు హై తో లెక్క, కప్పుల కౌంటరే. సీతాకోకచిలుకలను శాస్త్రవేత్తలు ఏనుగుల్లాగే ‘తో’తో లెక్కపెడతారు! మొదటి ఏడాదికి హికి ఒక్కటీ చాలు.

ఇకుర అని అడిగితే చెప్పే ధర అర్థం కావడం లేదు.

వాళ్లు పదివేల దగ్గర కొత్త మాట మొదలుపెడతారు: ఇచిమన్. అక్కడి నుంచి లెక్కంతా మన్ లోనే. లక్ష అంటే జూమన్, పది లక్షలు హ్యకుమన్, కోటి ఇస్సెన్‌మన్, పది కోట్లు ఇచిఒకు. 25,000 అంటే నిమన్ గొసెన్. వందల్లో 300, 600, 800 సంబ్యకు, రొప్ప్యకు, హప్ప్యకు అవుతాయి, వేలల్లో 3,000 సన్‌జెన్, 8,000 హస్సెన్. పైన హొన్ దగ్గర చెప్పిన పద్ధతే.

పెద్దవాళ్ల వయసు అడగాలంటే?

నన్‌సై దెస్ క అంటే ఎన్నేళ్లు. మర్యాదగా ఒఇకుత్సు దెస్ క. ఇరవై ఏళ్లకు నిజుస్సై బదులు హతచి అంటారు. చంటిపిల్లలను అడిగితే వేళ్లు చూపిస్తూ ‘మిత్త్సు’ అని చెబుతారు.

జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో అన్నిటికంటే తేలికైన స్థాయి ఎన్5కు ఎన్ని కౌంటర్లు చదవాలి?

త్సు వరుస, నిన్, మై, హొన్, సత్సు, దై, హికి, హై, కొ, కై (అంతస్తు, సారి రెండూ), సై, వీటితోపాటు గంటలు, నిమిషాలు, తేదీలు, నెలలు గట్టిగా వస్తే భయం లేదు. వినే పరీక్షలో సంభాషణ మధ్యలో సంఖ్య మారిపోతుంటుంది: ముందు రొప్పొన్ అంటారు, కాసేపటికి కాదు హప్పొన్ అంటారు. రాసే భాగం కంటే దీనికి ఎక్కువ సాధన చేయండి. కాలెండర్ ముందు పెట్టుకుని తేదీలు, దుకాణం రసీదు ముందు పెట్టుకుని ధరలు, గట్టిగా పైకి చదవండి. జెన్, జో, కన్, హకు లాంటివి పరీక్ష అయ్యాక, టికెట్ బుక్ చేసుకున్న రోజు నుంచి మొదలుపెట్టినా సరిపోతాయి.